ఆరో గది పచ్చదీపం

నా భార్యను చంపింది ఆమె తమ్ముడు. విచారణకు వచ్చినవాళ్ళు వేరే రాసుకున్నారు. వాళ్ళు రాసుకున్నది వాళ్ళ దగ్గరే ఉండనీ.

మేం ముగ్గురం ఒకే కోల్డ్ స్టోరేజీలో పనిచేసేవాళ్ళం. నేను కంప్రెసర్ల దగ్గర. ఆమె చేపల పెట్టెలు తూకం వేసి గదుల్లోకి చేర్చే చోట. నా బామ్మర్ది ఎలక్ట్రీషియన్. మా అత్త పనికి పోయేది, వాణ్ణి పెంచింది అక్కే. మీసాలొచ్చినా, పది మందిలో ఉన్నా, ఆమెకు వాడు చంటోడే. ప్లాంటులో అందరి నోటా వాడికి అదే పేరైపోయింది.

అక్కడ పొడవాటి నడవా. ఒక పక్కన వరసగా ఆరు గదులు. ఒకటో గది గేటును ఆనుకుని ఉంటుంది. ఆరోది చివర. ఆరో గదికి లారీలు ఆగే వైపు ఇంకో తలుపుంది. గదులను చల్లబరిచేది అమ్మోనియా. గొట్టం పగిలితే నిండా ఒక్క ఊపిరి పీల్చేలోగా మనిషి కూలిపోతాడు. అందుకని ప్రతి గదిలోనూ వాసన పట్టే పరికరం ఒకటి పెట్టారు. మేం దాన్ని ముక్కు అనేవాళ్ళం. ఆరు ముక్కులూ పంపే ఆరు అంకెలు గేటు పక్కనున్న ప్యానెల్ పెట్టెలోకి చేరేవి. పెట్టెలోని ప్రోగ్రాం వాటిని వరస ప్రకారం చూసి ఒక్కో తలుపు మీద ఒక్కో దీపం వెలిగించేది. పచ్చగా ఉంటే గది మంచిది. ఎర్రగా ఉంటే ఆ ఛాయలకు పోకూడదు, సైరన్ కూడా మోగుతుంది.

పనిలో కొత్తగా చేరినవాళ్ళకు నా భార్య ముందు నేర్పేది తూకం కాదు. "తలెత్తి చూడు, తర్వాతే తలుపు తోయి" అనేది. మరిచిపోయినవాళ్ళ నెత్తిన మొట్టేది.

బామ్మర్ది సాయంత్రం క్లాసుల్లో సీ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. కంప్యూటరుకు పనులు చెప్పే భాష అది. క్లాసులు సగం కూడా కాకముందే మేనేజరు పిలిచాడు.

"నువ్వేదో ప్రోగ్రాములు రాస్తున్నావంట కదా. నా గదిలో ఒక స్క్రీను పెట్టు. ఆరు అంకెలూ కనపడాలి, పెద్దది పైన ఉండాలి. ఎక్కడన్నది తర్వాత చూసుకుందాం. ఎంతన్నది ముందు తెలియాలి నాకు."

వాడు క్లాసు మానేసి ఆ పని మీద కూర్చున్నాడు. "మా చంటోడు మేనేజరుగారికి స్క్రీను చేస్తున్నాడు" అని నా భార్య గేటు కాపలావాడికి కూడా చెప్పుకుంది.

స్క్రీను పూర్తయ్యాక పరీక్షించారు. గుడ్డను అమ్మోనియా నీళ్ళలో తడిపి ఒకటో గది ముక్కుకు చూపించారు. ప్యానెల్‌కు దగ్గరున్న గది అదే. ఆ చలిలో చివరిదాకా ఎవడు నడుస్తాడు? ఒకటో తలుపు మీద ఎర్రదీపం వెలిగింది. మేనేజరు స్క్రీను మీద పెద్ద అంకె పైకొచ్చింది. చప్పట్లు కొట్టి టీ తెప్పించుకున్నారు.

తర్వాత ఒక మధ్యాహ్నం షిఫ్టులో సైరన్ మోగింది. నేను కంప్రెసర్ ఆపి, మాస్కు తగిలించుకుని నడవాలోకి వచ్చాను. ఒకటో దీపం ఎర్రగా ఉంది. మిగిలిన ఐదూ పచ్చగా ఉన్నాయి. జనం దొరికిన గుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆ ఒకటో గది పక్కనుంచే గేటువైపు పరిగెత్తుతున్నారు.

నా భార్య పరిగెత్తలేదు. ఎర్రదీపం పక్కనుంచి పోకూడదని ప్లాంటు నియమం. పచ్చగా ఉన్న గది చూసుకుని అటునుంచి బయటపడాలి. ఆరో గదికి అవతలి తలుపుంది. ఆమెతో తూకం వేసే మనిషి తర్వాత నాతో చెప్పింది. "అక్కా, గేటు దగ్గరకి పోదాం రా అన్నాను. ఎర్రగా ఉంటే కనపడట్లేదా, గుడ్డిదానివా, ఇటు రా అంది. నేను వెళ్ళలేదు." నా భార్య తలెత్తి చూసింది. పచ్చగా ఉంది. తోసింది.

గొట్టం పగిలింది ఆరో గదిలో.

అప్పుడు నేను ఒకటో గదిలో ఉన్నాను. ఎవరైనా చిక్కుకున్నారేమోనని పెట్టెల వెనకా, మూలల్లో వెతుకుతున్నాను. ఎవరూ లేరు. మాస్కు కొంచెం తప్పించి చూస్తే వాసన కూడా లేదు. బయటికొచ్చేసరికి నడవా చివర్నుంచి ఘాటు కొట్టుకొస్తోంది.

పరిగెత్తినవాళ్ళంతా బతికారు. దీపాన్ని నమ్మిన మనిషి ఒక్కతే పోయింది.

ఆరో గది ముక్కు చెడిపోయిందని విచారణలో తేల్చారు. "మరి ఒకటో గది దీపం ఎందుకు వెలిగింది?" అని అడిగాను. "అదీ చెడిపోయి ఉంటుందిలే" అన్నాడు పెద్ద అధికారి. ఒకే రోజున ఒక ముక్కు ఉన్నదాన్ని లేదంది, ఇంకో ముక్కు లేనిదాన్ని ఉందంది. అందరూ నమ్మారు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. అలా పంచుకుంటే ఎవరి పిడికిలీ నిండదు. పాత ప్యానెల్ పీకేసి కొత్తది పెట్టారు. బామ్మర్ది ఆ ఉద్యోగం మానేసి, మోటార్లకు తీగ చుట్టే షాపులో చేరాడు.

ఇంట్లో మిగిలింది ముగ్గురం. కింద నేనూ, మా అత్తా. పై గదిలో బామ్మర్ది. ఒకరోజు వాణ్ణి ఆపి అడిగాను.

"దీపాలు ఎప్పటివోరా. అన్నేళ్ళలో ఒక్కసారి తప్పు చెప్పలేదు. కొత్తగా వచ్చింది నీ స్క్రీను ఒక్కటే."

"స్క్రీను చూపిస్తుంది బావా, అంతే. అద్దంలో చూసుకుంటే మొహం మారిపోతుందా?"

"నీ ప్రోగ్రాం ఏదీ?"

పైకి వెళ్ళి కాగితాలు తెచ్చి నా ముందు పడేశాడు. "చూసుకో. దాచేదేముంది? ప్యానెల్ ప్రోగ్రాంలో నాది చేర్చాను గానీ, దీపాల లైన్ల మీద చెయ్యి కూడా వేయలేదు. అవి పాతవాళ్ళు రాసినవి. ఆరు అంకెలూ నా ఫంక్షన్‌లోకి తీసుకున్నాను, పెద్దది ముందుండేలా సర్దాను, స్క్రీనుకు పంపాను. సర్దింది కాపీని బావా. ఫంక్షన్‌లోకి ఏం పంపినా కాపీయే పోతుంది. అసలుది బయట భద్రంగా ఉంటుంది."

"నువ్వు చెప్తే సరిపోతుందా?"

"నేను చెప్తే నమ్మవు, చదివితే అర్థం కాదు. ఐదో తరగతికి అంతుపట్టేది కాదు బావా ఇది."

"నేర్చుకుంటా."

వాడు నవ్వాడు. అక్క పోయాక వాడు నవ్వడం నేను చూసింది అప్పుడే.

అప్పటికే నేను వాడితో కలిసి తినడం మానేశాను. నా కంచం తీసుకుని గడప మీద కూర్చునేవాణ్ణి. అత్త కొన్నాళ్ళు ఊరుకుంది. ఒకరోజు కంచం చేతికివ్వకుండా పట్టుకుని నిలబడింది.

"ఎన్నాళ్ళు నాయనా ఇలా వీధికి మొహం పెట్టి తింటావు?"

"వాడి చెయ్యి లేదని తేలిన రోజున వచ్చి వాడి పక్కన కూర్చుంటా అత్తా."

"తేలకపోతే?"

"కూర్చోను."

"రెండు చోట్ల వడ్డించే ఓపికుంది నాకు. రెండు కొంపలు చూసే ఓపిక లేదు. అది గుర్తుపెట్టుకుని నేర్చుకో" అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది. నాకు తెలుసు. అయినా కాల్చిన నిప్పు ఏదో తెలియాలి.

బామ్మర్ది చదివిన చోటికే వెళ్ళాను. టైర్లకు పంక్చర్లు వేసే షాపు మీద ఒకే ఒక్క పొడవు గది. గాలి మిషన్ తిరిగినప్పుడల్లా బల్లలు వణికేవి. నా పక్కన కూర్చున్నవాళ్ళకు నా వయసులో సగం ఉండదు.

"బాబాయ్, ఏ, బీలు ఎక్కడ పూర్తిచేశావు? సరాసరి సీలో కూర్చున్నావు" అన్నాడొకడు.

"మీ నాన్న పక్కన కూర్చుని చదివా. వాడు తప్పాడు" అన్నాను. తర్వాత ఎవడూ నా జోలికి రాలేదు.

టీచరమ్మ సన్నగా ఉండేది, ఎప్పుడూ జలుబుతో ఉండేది. ఒకటికి నాలుగుసార్లు చెప్పేది, విసుక్కునేది కాదు. ఊరి బడిలో మా పంతులు ఎక్కాలు బెత్తంతో నేర్పాడు. ఎక్కాలు వచ్చాయి, బెత్తమూ గుర్తుంది. ఈమె దగ్గర దెబ్బలు లేవు. అందుకేనేమో నాకు ఆలస్యంగా ఎక్కేది. కీబోర్డు మీద అక్షరం వెతుక్కునేలోపు మిగతావాళ్ళు ప్రోగ్రాం ముగించి ఫోన్లు చూసుకునేవాళ్ళు.

ఫంక్షన్ల పాఠం వచ్చింది. ఫంక్షన్ అంటే ఏదో ఒక పని చేసిపెట్టే ముక్క. దానికి కావలసినవి మనం అందించాలి. టీచరమ్మ పది అనే అంకెను ఒక ఫంక్షన్‌లోకి పంపింది. అది లోపల పదిని ఇరవై చేసింది. వెనక్కొచ్చి చూస్తే బయటున్నది పదే.

"మీ కాగితం జిరాక్స్ తీసి ఎవరికో ఇచ్చారనుకోండి. దాని మీద వాళ్ళు పిచ్చిగీతలు గీసినా, చించి పారేసినా మీ కాగితానికి ఏమీ కాదు" అంది.

"ఏం పంపినా ఇంతేనా మేడం?"

"ఇప్పటిదాకా చెప్పుకున్నవాటికి ఇంతే."

ఆ జవాబులో మెలిక ఉందని నాకప్పుడు తెలియదు. బామ్మర్ది అన్న మాటే ఆమె నోటా వచ్చింది. మెట్లు దిగుతుంటే నా కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. వాడు మంచివాడని తేలినందుకు కాదు. మోస్తున్నది దించుకోవచ్చని.

ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, వాడి పక్కన కూర్చున్నాను.

అత్త గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. వాడు నావైపు చూసి కంచంలోకి తల దించుకున్నాడు.

"కాపీయే పోతుందిరా. టీచరమ్మ చెప్పింది" అన్నాను.

"చెప్పానుగా బావా."

"అనకూడని మాటలన్నాను."

"పోనీలే. నువ్వు కాకపోతే ఎవరంటారు?"

అత్త ఇద్దరికీ వడ్డించి లోపలికి పోయింది. మొహం కడుక్కుని గానీ రాలేదు. వచ్చాక కూతురి కబుర్లు ఎత్తింది. వీడు చిన్నప్పుడు ఎవరింట్లోనో మోటారు పాడుచేసి పారిపోయి వస్తే, మా ఇంటికి రానే రాలేదని అక్క ఎలా అబద్ధమాడిందో, మంచం కింద వీడు ఎలా తుమ్మాడో చెప్పింది. ముగ్గురం నవ్వాం. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు. ఆమెవి బతికున్నప్పుడే చారెడు.

కొన్నాళ్ళపాటు ఆ ఇల్లు ఇల్లులా ఉంది. అత్త వంటగదిలో తనలో తాను మాట్లాడుకోవడం మానేసింది. బామ్మర్ది నా పాత ఫ్యానుకు తీగ చుట్టి తెచ్చాడు. క్లాసు మానేద్దామనుకున్నాను. పట్టిన పని సగంలో వదలడం మా ఇంటా వంటా లేదు కాబట్టి వెళ్ళాను.

వరసల పాఠం వచ్చింది. వాళ్ళు అర్రే అంటారు. ఒక్క అంకె కాకుండా, ఒకే పేరు కింద పక్కపక్కన పేర్చిన అంకెలు. మా ఆరు గదుల్లాగా. టీచరమ్మ ఒక వరసను ఫంక్షన్‌లోకి పంపించి, లోపల ప్రతి అంకెనూ రెట్టింపు చేయించింది. బయటికొచ్చి చూడమంది.

బయటున్నవీ రెట్టింపయ్యాయి.

నేనెక్కడో తప్పు కొట్టాననుకున్నాను. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అంతే.

"మేడం, నావి మారిపోయాయి."

"మారాలి. అదే ఇవాళ్టి పాఠం. ఒక్క అంకెను పంపితే కాపీ పోతుంది. వరసను పంపితే కాపీ పోదు. ఆ వరస మొదలయ్యే చోటు ఎక్కడుందో ఆ చిరునామా పోతుంది. జిరాక్స్ ఇవ్వడం కాదిది, ఇంటి తాళంచెవి ఇవ్వడం. లోపలికెళ్ళినవాడు సామాను జరిపితే మీ ఇంట్లోనే జరుగుతుంది."

"ఎన్ని గదులున్నాయో వాడికెలా తెలుస్తుంది?"

"తెలియదు. అందుకే ఎన్ని ఉన్నాయో కూడా మనమే చెప్పి పంపాలి."

బామ్మర్ది కాగితం నా కళ్ళ ముందు కదిలింది. వరస పేరు, దాని పక్కన ఆరు. అంటే ఆరు గదుల తాళాలూ తీసుకెళ్ళి ఆ ఫంక్షన్ చేతిలో పెట్టాడు. కాగితం మీద దాని కింది లైను, దీపాలు వెలిగించే లైను.

పెద్దది ముందు పెట్టే ఫంక్షన్ నేనే రాశాను. చెయ్యి తిరగక చాలాసేపు పట్టింది. ఐదు చిన్న అంకెలు, చివర ఒక పెద్ద అంకె పెట్టాను. ఫంక్షన్‌లోకి పంపాను. బయటికొచ్చాక వరసను చూశాను. చివరున్న పెద్ద అంకె మొదటికొచ్చి కూర్చుంది. చివర చిన్న అంకె ఉంది. అంటే ఒకటో దీపం ఎర్రగా, ఆరో దీపం పచ్చగా.

తర్వాత పెద్ద అంకెను మొదట్లోనే పెట్టి పంపాను. అది ఉన్నచోటే ఉంది. ఒకటో గది ముక్కుకు తడిగుడ్డ చూపించి టీ తాగినవాళ్ళకు కనపడింది ఇదే.

టీచరమ్మ నా వెనక నిలబడి చూస్తోంది. "బాగా రాశారే. మరి ఆ మొహమేంటి?"

"ఇది తెలియకుండా రాస్తే ఎవరి తప్పు మేడం?"

"కొత్తలో అందరూ చేస్తారు. నేనూ చేశాను."

"మీరు చేసినప్పుడు ఎవరు పోయారు?"

ఆమె నవ్వింది. "మార్కులు పోయాయి." తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేసింది. అప్పుడు ఆమెకు జరిగిందంతా చెప్పాను.

సెలవురోజు పొద్దున బామ్మర్ది గదిలోకి వెళ్ళాను. విప్పదీసిన మోటార్ల మధ్య వాడి కంప్యూటరు. కూర్చోమన్నాడు. కూర్చోకుండా నా ప్రోగ్రాం కాగితం వాడి చేతికిచ్చాను.

"కొట్టు."

"ఏంటి బావా, నాకు పరీక్షా?" నవ్వుతూనే కొట్టాడు. నడిపించాడు. తెర మీదికి చూశాడు.

"ఇది... నువ్వెక్కడో తప్పు రాసుంటావు."

"నువ్వు రాయి."

వాడు తనదే రాశాడు. కాగితం చూడలేదు, ప్రతి లైనూ నోటికొచ్చు. చివర్లో పెద్ద అంకె పెట్టాడు. నడిపించాడు. మళ్ళీ నడిపించాడు. అంకెలు మార్చి చూశాడు. పెద్దది ప్రతిసారీ మొదటికే వచ్చింది.

"కాపీ పోతుంది కదా బావా."

"ఒక్క అంకెకి పోతుంది."

"వరసకి?"

"పోదు. ఆ పాఠం రాకముందే నువ్వు క్లాసు మానేశావు."

వాడు కీబోర్డు మీంచి చేతులు తీశాడు. ఇంట్లో ఏ వస్తువు విరగ్గొట్టినా ముందు అక్క మొహంలోకి చూసేవాడు. ఇప్పుడు నా మొహంలోకి చూశాడు.

"తెలియక చేశాను బావా."

"నిప్పుకి నీకు తెలుసో తెలియదో అక్కర్లేదు."

"అమ్మకి చెప్పకు. ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతోంది. నీ కాళ్ళు పట్టుకుంటా. నన్ను ఏమన్నా అను, కొట్టు. కిందకొచ్చి ఎప్పట్లా నా పక్కన కూర్చో. అంతే చాలు."

కింద నుంచి అత్త కేక వేసింది. "ఇద్దరూ దిగుతారా, చల్లారిపోయాక తింటారా?"

దిగాం. అత్త పక్కపక్కనే కంచాలు పెట్టి ఉంచింది. బామ్మర్ది వెళ్ళి కూర్చున్నాడు. నేను నా కంచం తీసుకుని గడప మీదికి నడిచాను.

గరిటె గిన్నెలో పెట్టిన చప్పుడు వినపడింది.

"నాయనా. ముక్కు చెడిపోయిందన్నారు కదా?"

నేను కంచం ఒళ్ళో పెట్టుకున్నాను.

"వాడేనా?"

"నీ కొడుకు ఎదురుగానే ఉన్నాడు అత్తా. అడుగు."

అడగలేదు. వాడే చెప్పాడు. "నేనే అమ్మా. అక్క చూసిన దీపం నేను మార్చిందే." ఆ మాట చెప్పడానికి వాడు లేచి నిలబడ్డాడు, బడిలో పంతులు ముందు నిలబడినట్టు.

అత్త ఏడవలేదు. వాడి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. "తిను" అంది. వాడు తినలేదు. ఆమే ముద్ద కలిపి వాడి నోటి దగ్గర పెట్టింది. చంటిపిల్లాడికి పెట్టినట్టే పెట్టింది. నేను వీధివైపు తిరిగి నా కంచం ఖాళీ చేశాను.

ఆ వారంలోనే వాళ్ళు ఇల్లు మారారు. మోటార్ల షాపు వెనక ఒక గది దొరికింది. అత్త గిన్నెలు మూటకడుతూ నాతో అంది. "పోయినదాన్ని తేలేను నాయనా. ఉన్నవాణ్ణి వదల్లేను. నువ్వు ఒక్క మాట అంటే మూట విప్పేస్తాను."

"ఏ మాట?"

"తెలియక చేశాడని."

తెలియక చేశాడన్నది నిజమే. నేను కాదనలేదు. ఆరో గది తలుపు వెనక పడి ఉన్న మనిషిని బయటికి తెచ్చింది నేను. తెలియదన్న మాటకు ఆమె లేస్తే అప్పుడే అనేవాణ్ణి.

బామ్మర్ది బయట బండి దగ్గర నిలబడ్డాడు. "బావా" అన్నాడు. నేను తలుపు వేసుకున్నాను. వాడు చుట్టి తెచ్చిన ఫ్యాను విప్పి వాళ్ళ సామాను మీద ముందే పెట్టేశాను.

ఇప్పుడు ఈ ఇంట్లో ఒక్క కంచమే ఉంది. ఎక్కడ కూర్చుని తిన్నా అడిగేవాళ్ళు లేరు.

మొన్న టీచరమ్మ వచ్చింది. వరసల పాఠం రోజున కొత్త పిల్లల ముందు నిలబడి ఈ సంగతి చెప్పమని అడిగింది. "నేను చెప్తే పాఠం అంటారు, మీరు చెప్తే గుర్తుంచుకుంటారు" అంది. రానన్నాను. పోనీ రాసైనా ఇవ్వమంది. రాశాను. ఆమె చదువుకుంటుందో, వాళ్ళకు చదివి వినిపిస్తుందో ఆమె ఇష్టం.

నన్ను మాత్రం పిలవొద్దు. టీచరమ్మ అడిగినా, అత్త కబురు పెట్టినా, నేను చావుబతుకుల్లో ఉన్నానని తెలిసి వాడు వచ్చి ఈ గడప మీద కూర్చున్నా, దీని గురించి ఇక నా నోట మాట రాదు.